బా జేరే, పిడికిలి రాగి

మసౌసో జేరేని పొగడాలంటే నాకు కొంచెం ఇబ్బంది. అతను న్గోని, నేను బెంబా. నూరేళ్ళ పైమాటే అయింది, మా తాతలూ వాళ్ళ తాతలూ ఈటెలతో పొడుచుకున్నారు. గెలిచిందెవరో ఈనాటికీ తేలలేదు కాబట్టి, జీవితాంతం ఒకరినొకరు వెక్కిరించుకునే హక్కు రెండు జాతులకీ మిగిలింది. ఎదురుపడితే వాళ్ళు మమ్మల్ని కోతులు తినేవాళ్ళంటారు; మేం వాళ్ళని ఎలుకలు తినేవాళ్ళంటాం. చావింట్లో కూడా ఈ హక్కుకు సెలవు లేదు, నిజానికి అక్కడే ఎక్కువ వాడతాం. అలాంటి వరస ఉన్న మనిషి గురించి మంచి మాట రాయడం మా ఆచారానికి విరుద్ధం. రాయకపోతే ఇంకెవరూ రాసేటట్టు లేరు గనక రాస్తున్నాను.

మా ఆఫీసు లుసాకాకి గంట దూరంలో ఉంది. గేటు మీద బోర్డు ఎంత పొడుగంటే, అందులో పేరు చదవడం పూర్తయ్యేలోపు బస్సు తరవాతి స్టాపులో ఉంటుంది. లోపల జరిగే పని మాత్రం చిన్నమాటలో చెప్పొచ్చు. దక్షిణాన ఉన్న పద్నాలుగు దేశాలు తమ తమ జొన్నలూ రాగులూ బొబ్బర్లూ గుమ్మడి గింజలూ ఎవరింట్లో వాళ్ళు దాచుకుంటాయి. ఇంట్లో కరెంటు పోవచ్చు, వరద రావచ్చు, యుద్ధమే రావచ్చు. అందుకని ప్రతి రకంలోనూ ఒక గుప్పెడు మా దగ్గర కూడా దాచిపెడతాయి. సీలు వేసిన పెట్టెల్లో వస్తాయి, సీలుతోనే మంచుగదిలోకి పోతాయి. ఏ దేశం పెట్టె ఆ దేశం రాతపూర్వకంగా అడిగితేనే తెరవాలి. గది తాళంచెవి ఉండేది జేరే జేబులో.

అతన్ని అందరం బా జేరే అనేవాళ్ళం. ‘బా’ అంటే మన ‘గారు’, కాకపోతే ముందొస్తుంది. పుట్టింది చిపాటా పక్కన. అతనికి ముందు ఇద్దరు పిల్లలు పోయారు, అందుకని వాళ్ళమ్మ ‘కష్టాలు’ అని అర్థం వచ్చేలా మసౌసో అని పేరు పెట్టింది. ఆ పేరు అతనికంటే అతని పైఅధికారులకే ఎక్కువ నప్పిందని నా అభిప్రాయం. తొమ్మిదో తరగతి చదివి మా ఆఫీసులో తోటపనికి చేరాడు. ఒకరోజు గింజలు లెక్కపెట్టే అమ్మాయి రాకపోతే, ఊరికే నిలబడి ఉన్నాడు కదా అని అతన్ని కూర్చోబెట్టారు. ముళ్ళపంది ముల్లు కొనతో నాలుగు వందల రాగి గింజలు లెక్కపెట్టాడు. డిగ్రీ ఉన్నాయన మళ్ళీ లెక్కపెడితే మూడు వందల తొంభై తొమ్మిది వచ్చాయి. జేరే వంగి, డిగ్రీ ఉన్నాయన మోచెయ్యి కింద ఉన్న నాలుగువందలో గింజని తీసి చూపించాడు. ఆ సాయంత్రంతో తోటపని అయిపోయింది.

ఇరవై రెండేళ్ళలో తన చేతిలో పడ్డ విత్తనం ఒక్కటీ చావలేదన్నది అతని గర్వం. ఆ మాట పైకి అనేవాడు కాదు. కాకపోతే తడి కాగితం మీద గింజలు పరిచి, ఎన్ని మొలిచాయో ఎనిమిదో రోజున లెక్కరాసేటప్పుడు అతని వెనక నిలబడితే, మెడ కొంచెం సాగినట్టు కనబడేది.

ఇంకో అలవాటు కూడా ఉంది. పెట్టెలతో పాటు జాబితాలొస్తాయి. ఏ పొట్లంలో ఏ రకం, ఏ ఊళ్ళో ఎవరిచ్చారు అని. మేమంతా వాటిని ఫైల్లో పెట్టేవాళ్ళం. అతను చదివేవాడు, జనం పేపరు చదివినట్టు, టీ తాగుతూ, ముందు నుంచి చివరిదాకా.

తొంభై ఎనిమిది జూన్‌లో విత్తనాలు సేకరించడానికి ఉత్తరాన మా బెంబాల వైపు వెళ్ళాం. భాష నాది కాబట్టి నేనూ, విత్తనం అతనిది కాబట్టి అతనూ. చాంబేషి నది అవతల చిసంగా అనే ఊళ్ళో న్కాండు అనే ముసలావిడ దగ్గర ‘పిడికిలి రాగి’ ఉందని విన్నాం. కంకి విప్పుకోకుండా పిడికిలి బిగించినట్టు ఉంటుంది, పిట్ట ముక్కు దూరదు. ఫిబ్రవరిలోనే వానలు మొహం చాటేసిన ఏడాది మిగతా రాగులన్నీ తాలు పోతే ఇదొక్కటే గింజ కడుతుంది. ఆ చుట్టుపక్కల దాన్ని వేసేది ఆవిడొక్కతే.

జేరే మా మర్యాద ప్రకారం వాకిట్లో గొంతుక్కూర్చుని మెల్లగా చప్పట్లు కొట్టాడు.

“ఎవరీ పొట్టాయన?” అంది నాతో.

“న్గోని, మాయో.” మాయో అంటే అమ్మ.

“అయ్యో పాపం. ఇవాళ మా ఇంట్లో ఎలుకలు వండలేదే. ఏం తింటావు నాయనా?”

“కోతిమాంసం కాకపోతే ఏదైనా తింటాను, మాయో.”

“నోరుంది,” అంది ఆవిడ సంతోషించి. “లేచి ముక్కాలిపీట మీద కూర్చో.”

మధ్యాహ్నమంతా ఆ రాగి వంశచరిత్ర చెప్పింది. వాళ్ళమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిందట. జేరే అంతా రాసుకున్నాడు. ఇంతలో డ్రైవరు వచ్చి, నది దాటించే పంటు ఐదింటికి ఆగిపోతుందని రెండుసార్లు దగ్గాడు. లేచాం. ఆవిడ లోపలికెళ్ళి ఒక సొరబుర్ర తెచ్చి జేరే చేతుల్లో పెట్టింది.

“ఇది తీసుకో. దారికి.”

అతను రెండు చేతులా అందుకున్నాడు. ఆవిడింకేదో పొద్దున సంగతి అంటూ ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. నా నోట్లో వేయించిన పల్లీలున్నాయి. బండెక్కాం.

ఆఫీసుకొచ్చాక సొరబుర్రలోని రాగులు తమ వంతు కోసం ఎదురుచూశాయి. ముందొచ్చినవి చాలా ఉన్నాయి కాబట్టి, మొలక పరీక్షకి ఏడాదిన్నర పట్టింది. రెండు వేల సంవత్సరం జనవరిలో జేరే నాలుగు వందల గింజలు తడి కాగితం మీద పరిచాడు.

ఏదో జరిగిందని నాకెలా తెలిసిందంటే, మూడు రోజులు అతను నన్నొక్క మాట అనలేదు. నాలుగోరోజు నేనే గదికి వెళ్ళాను.

“ఏం బా జేరే, కోతులమీద జాలి పుట్టిందా?”

గాజుపళ్ళెం నా ముందుకు జరిపాడు. “నాలుగు వందలు. ఒక్కటి మొలవలేదు.”

“పాతవేమో.”

“రాగి ఏడాదిన్నరకి చావదు. గదిలో వేడి ఎక్కువైందేమో, నేను చూసుకోలేదేమో. నేనే చంపాను.”

రిజిస్టరులో ‘జీవం లేదు’ అని రాసి, కారణం గడిలో తన పేరు రాశాడు. తరవాత డైరెక్టరు గారి గదికి వెళ్ళాడు. ఆవిడ పేరు మోఖెతి, లెసోతో మనిషి, కొండలాంటి మనిషి.

“సెలవెందుకు?” అందావిడ.

“ఒకావిడకి క్షమాపణ చెప్పాలి మేడమ్. ఎనిమిది వందల కిలోమీటర్లు.”

“ఫారంలో ఆ కారణానికి గడి లేదు బా జేరే.”

“అయితే కడుపునొప్పి అని రాయండి. అది కూడా ఉంది.”

వానలు తగ్గి రోడ్డు కనపడేసరికి జూన్ అయింది. నేనూ వెళ్ళాను, బెంబాల ఊళ్ళో న్గోని ఒంటరిగా క్షమాపణ చెబుతుంటే చూసే భాగ్యం మళ్ళీ రాదు కదా అని.

న్కాండు అప్పటికి బాగా చిక్కింది. గుమ్మంలో చాప మీద కూర్చుని ఉంది. జేరే గొంతుక్కూర్చున్నాడు, చప్పట్లు కొట్టాడు, దారంతా వల్లించుకున్నది అప్పజెప్పాడు.

“మాయో, మీరు నమ్మి ఇచ్చిన విత్తనాన్ని నేను చంపేశాను.”

“నేను నీకు విత్తనం ఎప్పుడిచ్చాను?”

“రెండేళ్ళ కిందట. సొరబుర్రలో.”

ఆవిడ అతన్ని చాలాసేపు చూసింది. తరవాత భుజాలు కదలడం మొదలైంది. నవ్వు బయటికి రావడానికి ఇంకాసేపు పట్టింది.

సంగతేమిటంటే, మా రాగిసారా కటూబి తయారవడానికి వారం పడుతుంది. అంతదాకా ఉండలేని చుట్టానికి, ఇంటికెళ్ళి కాచుకో నాయనా అని మొలకెత్తించి, ఎండబెట్టి, మొలక వేళ్ళు నలిపి చెరిగిన రాగులు కట్టి ఇవ్వడం మా మర్యాద. ఒకసారి మొలిచి ఎండిపోయిన గింజ ఇక చచ్చినా మొలవదు. బెంబావాణ్ణయి ఉండి ఇది నేనెందుకు పోల్చుకోలేదంటే, నేను పెరిగింది లుసాకాలో. కటూబితో నా పరిచయమంతా తాగే వైపు నుంచే.

“నేనిచ్చింది కాచుకుని తాగమని,” అంది న్కాండు కళ్ళు తుడుచుకుంటూ. “విత్తనం పొద్దున ఇస్తానన్నాను కదయ్యా. తెల్లారి గాదె మట్టి పగలగొట్టించి, కొత్త సొరబుర్రలో పోసి, మధ్యాహ్నం దాకా ఇక్కడే కూర్చున్నా. నీ న్గోని ఏడీ అని ఊరంతా అడిగారు. సారా కోసం వచ్చాడు, పుచ్చుకుని పోయాడని చెప్పా.”

“రెండేళ్ళుగానా?” అన్నాడు జేరే.

“అడిగినవాళ్ళందరికీ. అయితే నా సారాకి నీళ్ళు పోసి మొలవమన్నావా?”

“నాలుగు వందల గింజలు, మాయో. లెక్కపెట్టి.”

“లెక్కపెట్టి,” అంది ఆవిడ, మళ్ళీ భుజాలు కదులుతుండగా. “లెక్కపెట్టాడట.”

జేరే మొహంలో వెలుగొచ్చింది. అతను చంపలేదు. ఎవరూ చంపలేదు. “అయితే ఆ విత్తనం ఇప్పుడివ్వండి. ఈసారి పొద్దున దాకా కదలను.”

నవ్వు ఆగింది.

“లేదయ్యా,” అంది న్కాండు. “పోయినేడు నడుం పడిపోయి మంచాన ఉన్నా. విత్తేవేళకి ఇంట్లో తిండి లేదు. కోడలు గాదెలో ఉన్నది దంచి గంజి కాచింది. పిల్లలు తిన్నారు. తప్పనను. నేనైనా అదే చేద్దును.”

“ఊళ్ళో ఇంకెవరి దగ్గరా…”

“అందరూ మొక్కజొన్నకి పోయారు. సరిహద్దు అవతల టాంజానియాలో నా చెల్లెలి కూతురుంది, చోలా. ముయాంగా ఊరికిచ్చాం. పెళ్ళికి ఒక బుర్రెడు పట్టుకెళ్ళింది. మొన్న కబురు పెడితే, వాళ్ళూ వెయ్యడం మానేసి నాలుగేళ్ళయిందట. మా అమ్మమ్మ నుంచి మూడు తరాలు చేతులు మారుతూ వచ్చింది. నా చేతిలో ఆఖరైంది.”

జేరే పైకి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను.

“చోలా అన్నారు. ఊరు ముయాంగా అన్నారు.”

“అవును.”

“ఆ పేరు నేను చదివాను.”

తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఫైళ్ళ ముందు కూర్చున్నాడు. పావుగంటలో పిలిచాడు. టాంజానియా వాళ్ళ పద్నాలుగో పెట్టె, ముప్ఫై ఒకటో పొట్లం. రాగి, ముద్దకంకి. ఇచ్చినవారు: చోలా, ముయాంగా. తొంభై ఐదులో వాళ్ళు సేకరించారు, తొంభై ఆరులో ఒక గుప్పెడు మాకు పంపారు. మా సారాగింజలు పెట్టిన అరకి సరిగ్గా రెండరల పైన ఉంది ఆ పెట్టె.

అవతలి ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఎత్తినావిడ ఉపెండో సిచాల్వే, వాళ్ళ విత్తనాల అధికారి. ఎన్నడూ చూసుకోలేదు గానీ పదేళ్ళుగా జాబితాల్లో ఒకరి సంతకం ఒకరికి తెలుసు.

“మా దగ్గర మిగిలింది గోటి మీద పట్టేంతే బా జేరే. దాన్ని కదపను,” అందావిడ. “మీ దగ్గరున్న పొట్లంలోంచే తియ్యండి. ఉత్తరం పంపిస్తా.”

“ఎప్పటికొస్తుంది?”

“రెండు మంత్రిత్వశాఖలు సంతకం పెట్టాలి.”

జేరే గోడమీది క్యాలెండరు తిప్పి నవంబరు దగ్గర ఆగాడు.

నవంబరు చివరికి విత్తకపోతే ఆ ఏడు దాటిపోతుంది. న్కాండు ఇంకో ఏడు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఆ రాగిని చిటెమెనె పొలంలో, కొమ్మలు కాల్చిన బూడిదలో, ఏ పక్క ఎంత పలచగా చల్లాలో తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. జూలై పోయింది, ఆగస్టు పోయింది. తప్పు ఎవరిదీ కాదు. సంతకం పెట్టదగిన గొప్పవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు, అంతే. సెప్టెంబరులో నాకు ఓపిక పోయింది.

“బా జేరే, తాళంచెవి నీ జేబులోనే ఉంది.”

“జేబు నాది. పెట్టె వాళ్ళది.”

“సిచాల్వే గారే తియ్యమంది కదా.”

“ఫోన్లో అంది. ఫోనుకి సీలు ఉండదు.”

“ముసలావిడ పోతే?”

అతను తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. “ఇవాళ నేను మంచిపనికే తెరుస్తాను. రేపు నా కుర్చీలో కూర్చున్నవాడు ఇంకో మంచిపనికి తెరుస్తాడు. ఆ తరవాత పద్నాలుగు దేశాల్లో ఒక్కళ్ళు కూడా మన దగ్గర గుప్పెడు గింజలు పెట్టరు. నేను తెరవనన్న నమ్మకం మీదేగా ఈ గింజలు ఇక్కడికొచ్చాయి.”

“న్గోనీల మొండితనం,” అన్నాను, అనాల్సిన వరస కాబట్టి. మనసులో ఏమనుకున్నానో ఇక్కడ రాయను.

ఆ ఐదు నెలలూ రోజుకి రెండుసార్లు మంచుగదిలోకి వెళ్ళి, ఆ పెట్టె ఉన్న అర దగ్గర వేడిమి చూసి రాసుకునేవాడు. మిగతా అరలకి రోజుకి ఒక్కసారే.

ఉత్తరం నవంబరు పద్నాలుగున వచ్చింది. ఆరు సంతకాలు, మూడు ముద్రలు. మోఖెతి గారు, నేను సాక్షులుగా నిలబడ్డాం. సీలు తీసి పొట్లం బయటపెట్టాడు. అందులో మొత్తం ఐదు గ్రాములు. పరీక్షకి యాభై గింజలే తీశాడు. మూడో రోజు ఏమీ లేదు. నాలుగో రోజూ ఏమీ లేదు. ఆరోజు అతను మధ్యాహ్నం మొక్కజొన్నపిండి న్షిమా ముద్ద ముట్టకుండా పక్కకి జరిపితే నేను తిన్నాను. ఐదో రోజు పొద్దున వరండాలోకొచ్చి, ఆఫీసంతా వినేలా నన్ను పిలిచాడు.

“ఏయ్ కోతిమాంసం. లోపలికి రా.”

పళ్ళెంలో తెల్లని దారప్పోగుల్లా లేచి ఉన్నాయి. ఎనిమిదో రోజుకి యాభైలో నలభై ఆరు. నేను మళ్ళీ లెక్కపెట్టలేదు.

సగం పొట్లం యథాస్థానంలో సీలు వేసి, మిగతా సగం చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, వానలో ఉత్తరానికి బయల్దేరాం. పంటు దగ్గర ఐదు గంటలు ఆగాం. చిసంగా చేరేసరికి న్కాండు మంచంలో ఉంది గానీ, నోరు లేచే ఉంది.

“తెచ్చావా, మళ్ళీ తాగడానికి వచ్చావా?”

జేరే పొట్లం విప్పాడు. ఆవిడ ఒక్క గింజ తీసుకుని గోటితో నొక్కింది. చాలాసేపు చేతిలో అటూ ఇటూ దొర్లించింది.

“ఇదే,” అంది. “చోలా చేతి రాగి. చెరగడం సరిగా రాదు దానికి.”

ఆవిణ్ణి మంచంతో సహా పొలం గట్టుకి మోసుకెళ్ళారు. కోడలు చల్లబోతే వద్దంది. “న్గోని చల్లుతాడు. లెక్కపెట్టి చల్లమనండి, ఆయనకి అలవాటే.” జేరే బూడిదలో చెప్పుల్లేకుండా నడుస్తుంటే, మంచం మీంచి ‘ఎడమకి, అక్కడ పలచగా, అయ్యో అది మొక్కజొన్న కాదయ్యా’ అని పొద్దుగూకేదాకా అరుస్తూనే ఉంది. ఇరవై రెండేళ్ళలో ఏ పైఅధికారీ అతన్నంత తిట్టి ఉండడు. అతనంత సంతోషంగా తిట్లు తినడం కూడా నేను చూడలేదు.

ఆ ఏడాది ఫిబ్రవరి పదికి వాన ఆగిపోయింది. ఊళ్ళో మొక్కజొన్న నడుమెత్తు దగ్గర పసుపుపచ్చబడింది. మేలో మేం వెళ్ళేసరికి చేలో బూడిద మధ్యన పిడికిళ్ళు లేచి ఉన్నాయి, ఎర్రగా, బిగించి, మోచేతి ఎత్తులో. న్కాండు చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరు ఆవిడ ప్రాణానికి చెప్పిన గడువు దాటి అప్పటికి మూడు నెలలైంది; పంట కోతకి రాకుండా పోవడానికి తీరిక దొరకలేదంది. చుట్టుపక్కల ఏడు ఊళ్ళ ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని ఉన్నారు, పొట్లాలతో.

“ఇదిగో ఇతనే,” అని వాళ్ళకి చూపించింది. “నా విత్తనాన్ని చంపానని చెప్పడానికి ఎనిమిది వందల కిలోమీటర్లు వచ్చాడు. చంపకుండానే. మీ ఇళ్ళల్లో అలాంటి మొగాడు ఉంటే చెయ్యెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. జేరే చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

కోత అయిపోయేవేళకి సరిహద్దు అవతల్నించి ఒకావిడ సైకిలు మీద వచ్చింది. చోలా. మూడు రోజుల దారి. పెద్దమ్మని పట్టుకుని ఏడ్చి, ముక్కు చీది, సొరబుర్ర తీసి ముందు పెట్టింది. “మా వైపు కూడా అంతా ఎండిపోయింది, పెద్దమ్మా,” అని మొదలెట్టబోయి, “పిన్నీ అనలేక పెద్దమ్మంటావేం, మొక్కజొన్న తిని బుర్ర కూడా పిండైందా? నేను మీ అమ్మకి అక్కనే గానీ ముసలమ్మని చెయ్యకు,” అని న్కాండు చేత తిట్లు తింది. ఆ తిట్టులో న్యాయం ఎటుందో నాకీనాటికీ అంతుబట్టలేదు. బుర్ర మాత్రం నిండింది.

చోలా సైకిలెక్కబోతుంటే జేరే అడ్డం నిలబడ్డాడు. సంచిలోంచి ఒక ఫారం తీసి, సైకిలు సీటు మీద పరిచాడు. విత్తనం దేశం దాటుతోంది కదా.

“నేనే కదయ్యా మీకిది ఇచ్చింది,” అంది చోలా.

“అప్పుడూ రాశారు కాబట్టే ఇవాళ దొరికింది, అక్కా. పేరు చెప్పండి.”

చెప్పింది. ఊరు చెప్పింది. విత్తనం ఏ అవసరానికి అన్న గడి దగ్గర కలం ఆపి తలెత్తాడు.

చోలా ఆలోచించింది. “గంజికి,” అంది. “కటూబికి. వచ్చే ఏడు మా అమ్మాయి పెళ్ళి, దాంతో పంపడానికి.”

గడి చిన్నది. మూడూ పట్టేలా, అక్షరాలు ముద్దగా, ముచ్చటగా రాశాడు.